తోకల లెక్క

మా తాత ఏకాశికి అంకెలు రావు.
తోకలు వచ్చు.
పదేసి తోకల్ని తాటినారతో ఒక కట్ట కట్టి
అలాంటి కట్టలు ఏడు, పైన విడిగా మూడు
వీర్రెడ్డి గారి అరుగు మీద పరిచేవాడు.
ఆయన చెప్పుకాలితో అటూ ఇటూ కదిపి చూసి
డబ్బులు అరుగు అంచున పెట్టి లోపలికెళ్ళిపోయేవారు.

సార్వా వరి పొట్టకొచ్చే రోజులు.
ఇంజరం దిగువ చేలల్లో
రాత్రి చెవి ఒగ్గితే వినబడేది
కరకర, కాసేపు ఆగి, మళ్ళీ కరకర.
తెల్లారేసరికి చేను నడిమధ్య
ఎవరో గుండు గీసిపోయినట్టు ఖాళీ.

పొద్దు వాలాక ఇద్దరం బయల్దేరేవాళ్ళం.
కావిడికి ముప్పై బుట్టలు అటు, ముప్పై ఇటు.
వెదురు బుట్ట, దాని నడుముకి విల్లు,
విల్లుకి ఉరి, ఉరికి ఒక పుల్ల,
పుల్ల పక్కన వేయించిన వడ్లు నాలుగు.
"ఎక్కువేస్తే ఎలక అనుమానపడతది,
తక్కువేస్తే అలిగి పోతది" అనేవాడు.

నా పని గట్టు మీద అడుగులు చదవడం.
బురదలో చుక్కలు చుక్కలుగా ఎలక,
వెనకాల తోక ఈడ్చిన గీత.
గోదురుకప్ప గెంతి కూలబడ్డ గుంట.
పీత పక్కవాటంగా రాసుకున్న పద్దు.
ఒకచోట అయిదు గోళ్ళ ముద్ర.
తాత దాని మీద కాలు పడకుండా జరిగాడు.
"ముంగిస. మన పనే చేస్తది.
కూలి అడగదు."

కాకినాడ నుంచి మోపెడ్ మీద ఒకడొచ్చాడు,
చేతిసంచీ, నూనె పెట్టి దువ్విన జుట్టు.
ముంగిస బొచ్చు కావాలన్నాడు,
బొమ్మలేసే కుంచెలకట.
తోలుకి ఇంత అని చెప్పాడు.
తాత పైకి చూస్తూ పెదాలు కదిపాడు:
నూట ఇరవై తోకలు.
ఆ యేడు నాయనమ్మకి పొట్టలో గడ్డ.

మేము కాపు కాయలేదు. వేరే ఎర వెయ్యలేదు.
కార్తీకంలో మంచు కురిసిన ఒక పొద్దున
పద్నాలుగో బుట్ట గట్టు కింద దొర్లి ఉంది.
ఉరి మెడకి కాదు, నడుముకి పడింది.
బతికే ఉంది.
ఎర్రటి కళ్ళు. ఒళ్ళంతా బొచ్చు నిక్కబొడుచుకుని
తనకి తాను రెండింతలైంది.
తాత చాలాసేపు గొంతుక్కూచున్నాడు.
తర్వాత నన్ను కాలువకెళ్ళి మొహం కడుక్కు రమ్మన్నాడు.
నేను అప్పటికే కడుక్కున్నాను.
అయినా వెళ్ళాను.

గడ్డకి మందులొచ్చాయి.
నాయనమ్మ ఇంకో రెండేళ్ళు ఉంది,
పీతల పులుసు వండింది, నన్ను తిట్టింది,
నా జడలో పేలు చూసింది.
ఇది కూడా లెక్కలో వెయ్యాలి.

దాళ్వాకి ఆ గట్టంతా బొరియలే.
అరవై బుట్టలకి అరవయ్యీ పడేవి.
వీర్రెడ్డి గారు మొదటిసారి అరుగు దిగి వచ్చి
"నీకు చెయ్యి తిరిగిందిరా ఏకాశీ" అన్నారు.
తాత ఆ డబ్బులు ఎంచకుండా మొలలో దోపుకున్నాడు.
ఇంటికొచ్చి కత్తి తీసి
ఉన్న బుట్టలన్నీ విప్పి మళ్ళీ అల్లాడు,
మూతులు రెండు వేళ్ళు ఇరుకు చేసి.
ముంగిస దూరనంత ఇరుకు.
పందికొక్కు కూడా దూరదు.
పందికొక్కు తోకకి కూలి రెట్టింపు.
"పోనీ" అన్నాడు, నేనేం అడక్కుండానే.

మోపెడ్ మనిషి మళ్ళీ వచ్చాడు.
"బుట్టలు పాతబడిపోయాయి బాబూ" అన్నాడు తాత,
పచ్చి వెదురు వాసన మధ్య కూచుని.

నేను తొమ్మిదిలో ఉండగా
డ్రాయింగు మాస్టారు ఒక కుంచె ఇచ్చారు.
ఖరీదైంది, పోగొట్టకు అన్నారు.
బూడిదరంగు వెంట్రుక, నడుమ నల్లటి కట్టు,
చివర లేత తెలుపు.
ఏ ఊరి గట్టుదో నాకెలా తెలుస్తుంది.
గ్లాసు నీళ్ళలో ముంచి ఒకసారి దులిపాను.
విడివిడిగా ఉన్న వెంట్రుకలన్నీ దగ్గరకొచ్చి
సన్నటి మూతి ఒకటి తేలింది,
తడిగా,
తెల్ల కాగితాన్ని
వాసన చూస్తున్నట్టు.