చివరి గుడ్డు

లారీ ఆగిన చోటుకు పేరు లేదనుకున్నాను.
కలహారిలో పేరు లేని చోటంటే
మావాళ్ళెవరూ అక్కడ నీళ్ళు తాగలేదని.

డ్రైవరు మొత్సుమి, ఆ పేరుకు వేటగాడని అర్థం, పేరుకే,
బానెట్టు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి
నడిచిపోదాం పద అన్నాడు, మిట్టమధ్యాహ్నం.

అప్పుడు నా నోట్లోంచి మా అమ్మమ్మ కోబా మాట్లాడింది:
కూర్చో. పొద్దు వాలేదాకా కాళ్ళకు పని చెప్పకు.
పై ఇసుక పొయ్యి, కింది ఇసుక కుండ.
మోచేతి లోతు తవ్వుకుని నీడలో పడుకో.
చొక్కా విప్పకు, చెమటను ఒంటిమీదే ఆరనీ.
నోరు మూసుకుని ముక్కుతో గాలి పీల్చు.
ఈ చివరి మాట ఆవిడ నాకు
దాహం లేని రోజుల్లో కూడా చెప్పేది.

అతను సీసా మూతతో కొలిచి కొలిచి తాగుతున్నాడు.
సీసాలో నీళ్ళు సీసా దాహమే తీరుస్తాయి,
గొంతు అడిగినప్పుడు తాగు, కడుపులో దాచుకో అన్నాను.
నమ్మలేదు. తాగాడు.

ఎండ మెత్తబడ్డాక గడ్డిలో ఒక తీగను వెతికాను.
దారమంత సన్నం, చూస్తే చచ్చినట్టే ఉంటుంది.
కింద మాత్రం పిల్లాడి తలంత గడ్డ, బతికే.
కర్రతో తురిమి, పిడికిట పిండి
బొటనవేలు నోటివైపు వంచితే
చుక్క.
చాలాసేపటికి ఇంకో చుక్క.
నాలుక మండితే ఉమ్మెయ్, అది దీని చుట్టం, మంచిది కాదు.

రాత్రి ఎముకలు కొరికే చలి.
నిప్పులు పరిచి, పైన జానెడు ఇసుక కప్పి, దానిమీద పడుకున్నాం.
మొత్సుమి తన కూతురు లెక్కల్లో తప్పిందని చెప్పాడు,
ఎందుకో అప్పుడే గుర్తొచ్చిందట.

తెల్లారి, కొమ్మ విరిగిన తుమ్మ మొదట్లో
గోరంత పెంకు మెరిసింది.
మూడు గీతలు, ఒక వంకర.
ఆ వంకర నాకు తెలుసు.
ఆవిడ పూసల మీద, గిన్నె అంచున, అన్నిటి మీదా అదే.

చేతులతో తవ్వాను.
అయిదు నిప్పుకోడి గుడ్లు, మూతికి గడ్డి బిరడాలు.
రెండు పగిలాయి. ఒకటి ఎండిపోయింది.
నాలుగోది ఇద్దరం తాగాం, మట్టి వాసన, పాత వాన రుచి.

అయిదోదానికి అతను చెయ్యి చాపాడు.
చివరి గుడ్డు ముట్టకూడదు, మళ్ళీ పూడ్చాలి అన్నాను.
ఎవరికోసం? ఇక్కడికెవరొస్తారు?
మనం వచ్చాం కదా.

ఏమీ అనలేదు.
ఇసుక మాత్రం నాకంటే జాగ్రత్తగా అతనే కప్పాడు.

మూడోనాడు బోరుబావివాళ్ళ ట్రాక్టరు మమ్మల్ని చూసింది.

ఇంటికెళ్ళి అమ్మనడిగాను.
దానికి పేరుందిరా, నువ్వెప్పుడూ అడగలేదు అంది.
ఆ పేరు మొదట్లో నాలుక అంగిలికి తగిలి టక్కుమంటుంది,
రాస్తే ఆ చప్పుడు పోతుంది. రాయను.

వానలు పడ్డాక నాలుగు గుడ్లు నింపుకుని వెళ్ళాలి.
మొత్సుమి కూడా వస్తానన్నాడు,
లారీ బాగైతే.