సీసాడు డీజిలు

సోమశిల రేవుల మా పాత లాంచి
గంటకు ఏడు లీటర్లు తాగేది.
తాగినంత నడిచేది కాదు.
దాని పొగ మాత్రం
మాకన్న ముందే సిద్దేశ్వరం ఒడ్డు ముట్టేది.

లెక్క నాది. నోటుబుక్కు నాది.
ఎడమ దిక్కు డీజిలు, కుడి దిక్కు టికెట్లు.
మనిషికింత, మోటరుసైకిలుకింత,
మేకకు సగం,
పిల్ల ఒళ్లో ఉంటే ఉత్తగనే.
పోయిన ఆషాఢంల
ఎడమ దిక్కు కుడి దిక్కును మింగింది.
ఆ కాగితం చింపి కుర్మయ్య చేతుల పెట్టిన.
మడిచి అంగీ జేబుల ఏసుకున్నడు,
రెండు దినాలు నాతోని మాట్లాడలే.
మూడోనాడు పొద్దుగాల
"సాగర్ పోదాం పా" అన్నడు మా ఆయన.

ఆడ రెండు లాంచీలు అమ్మకానికున్నయ్.
ఒకటి తెల్లగ, ఉతికి ఇస్త్రీ చేసినట్టు.
మెత్తటి సీట్లు, అద్దాల కిటికీలు,
చేతులు కడగనీకె నల్లా గూడ.
ఎనక జంట ఇంజన్లు, ఒక్కోటి దున్నపోతంత.
కుర్మయ్య స్టీరింగు పట్టుకున్నడు,
పట్టుకున్నోడు ఇడువలే.
ఆయన మొఖంల ఇరవయ్యేండ్ల పిలగాడు కనపడ్డడు.
నాకు భయమైంది.

రెండోది ఆకుపచ్చది, రంగు పెచ్చులు లేచింది.
కూసోనీకె చెక్కబల్లలే.
దానికి గూడ రెండింజన్లు,
చిన్నయి, పొట్టేళ్ల జోడి లెక్క.
మా ఎంబడి వచ్చిన ఖాజామియా
స్క్రూడ్రైవరు కొస ఇంజను మీద పెట్టి
పిడి చెవికి ఆనిచ్చుకొని
కండ్లు మూసుకున్నడు.
కొల్లాపూర్ల ట్రాక్టర్ల దగ్గులన్నీ ఇన్న చెవి అది.
"దీనికి రోగం లేదు బిడ్డా" అన్నడు,
"ఆకలి గూడ తక్కువే."

నేను సంచిలకెల్లి సీసా తీసిన.
లీటరు సీసా, మెడ కాడ గీత కొట్టి తెచ్చిన.
ట్యాంకు ఇడిచిపెట్టి
రెండింజన్ల పైపులు ఇండ్ల దించుమన్న.
బేరగాడు పకపక నవ్విండు:
"లాంచి కొననీకొచ్చినవా అక్కా, పాలు కొలవనీకొచ్చినవా?"
"పాలైనా ఇట్లనే కొంట" అన్న.

తెల్లది ఉరికింది.
నురగ, గాలి, నా కొంగు నెత్తి మీంచి ఎగిరిపాయె.
కుర్మయ్య ఈలేసిండు.
ఆ ఈల అయిపోకముందే దమ్ము పోయింది దానికి.
పుట్టిల చేపలు పట్టే పిలగాడు
తాడేసి ఒడ్డుకు గుంజుకొచ్చిండు.
వాడికిచ్చిన ఇరవై రూపాయలు గూడ రాసుకున్న.

పచ్చది నడిచింది.
తెల్లది ఆగిపోయిన తావు దాటింది,
నీటికాకులు రెక్కలారబెట్టుకునే బండ దాటింది.
ఖాజామియా ఒక ఇంజను బందు పెట్టిండు:
"జనం లేనప్పుడు ఒక్కటి చాలు,
నిండినప్పుడు రెండోదాన్ని లేపుండ్రి."
అది ఒంటికాలి మీదనే మళ్లి ఒడ్డుకొచ్చింది.
సీసాల ఇంకా ఏలెడంత మిగిలింది.

"నిమ్మళంగ పోతది" అన్నడు కుర్మయ్య,
తప్పు పట్టినట్టు.
"అందరు మనల దాటిపోతరు."
"పోనీయ్. మనం వాపస్ రావాలె గద."

ఆయన తెల్లదాని దిక్కు ఇంకొక్కసారి చూసిండు.
చూడనిచ్చిన.
చూసినదానికి డీజిలు కాదు.

ఆరు లక్షల కాడ మొదలైన బేరం
నాలుగున్నర కాడ ఒడ్డెక్కింది.
మా పాత ఇంజనును పెంట్లవెల్లి మాసన్న
మామిడితోటకు నీళ్లు ఎక్కించనీకె కొన్నడు.
ఏడు లీటర్ల సంగతి ముందుగాలనే చెప్పిన,
దాపెట్టలే.
"తాగనీయ్ చెల్లె, వారానికొక్క గంటనే గద" అన్నడు.
దాన్ని ట్రాక్టరుకెత్తేటప్పుడు
కుర్మయ్య తువ్వాలతోని దాని మూతి తుడిసిండు.
అందరు చూస్తున్నరని
తన మొఖం గూడ తుడుసుకున్నడు.

కొత్తది రేవుకొచ్చిన సాయంత్రం
సీసాల మిగిలింది ట్యాంకుల పొయ్యాలె.
గరాటు లేదు.
కుర్మయ్య జేబులకెల్లి చింపిన కాగితం తీసిండు,
చెమటకు అంకెలు అలుక్కుపోయినయ్,
ఒక్క ఏడు మాత్రం నిలబడ్డది.
చుట్టి గరాటు చేసి
మూతికి ఆనిచ్చి పట్టుకున్నడు.
నేను పోసిన.

కాగితం తాగిన నాలుగు చుక్కలు గూడ
రాసుకున్న.