తాళం తీయకు

గురువారం రాత్రులు గ్లాసులు ఏరడం నా పని.
అందుకే అన్నీ వింటాను, ఏదీ వాయించను.

కిటికీ పక్క బల్ల వాళ్లది.
తొమ్మిదికి డింప్నా కాన్సర్టీనా పెట్టె తెరుస్తుంది,
రిటైరైనా వదలని నర్సు చేతులతో.
టర్లో ఫిడేలుకి చెవి ఆనించి
ఈనబోయే ఆవు కడుపు విన్నట్టు వింటాడు.
ఫక్ట్నా వేణువు
కోటు లోపలి జేబులోంచి
మూడు ముక్కలుగా వస్తుంది.

ఆ బల్లకి చట్టాలున్నాయి.
ఎక్కడా రాసి ఉండవు, తప్పితే తెలుస్తుంది.
ఒకసారి డబ్లిన్ కుర్రాడొకడు గిటారు పట్టుకొచ్చి
రీలు మధ్యలో తియ్యటి స్వరాలేవో కలిపాడు.
ఫక్ట్నా వేణువు దించాడు.
"బాబూ, ఈ బాణీ మా మేనత్త వంటింట్లో పుట్టింది.
అక్కడ చక్కెర ఉండేది కాదు."
కుర్రాడు మళ్లీ రాలేదు.
నాకు ఆ తీపి నచ్చింది. చెప్పలేదు.

క్లేర్ చూడ్డానికొచ్చిన వాళ్లు అనుకుంటారు
వీళ్లు జిగ్గుతో నిద్రలేచి రీలుతో పడుకుంటారని,
ఈ చెవుల్లోకి పీట్ పొగ తప్ప
ఇంకేదీ దూరదని.
నేనూ అలాగే అనుకున్నాను,
ఖాళీ సీసాల పెట్టె మోసుకుంటూ
వెనక కార్లు నిలిపే చోటికి వెళ్లిన రాత్రి దాకా.

వాన.
డింప్నా తాళం తిప్పింది.
వచ్చేటప్పుడు ఎక్కడ ఆపిందో అక్కణ్ణుంచే
కారు అరుపు అందుకుంది.
ఇనుముని ఇనుము కొరికే గిటార్లు,
నూతి అడుగునుంచి బొంగురుగా ఒక నార్వే గొంతు,
అద్దాల మీద చినుకులు కూడా వణికాయి.
డెబ్భై ఒక్కేళ్ల మనిషి
సీటు బెల్టు పెట్టుకుని, కుడివైపు లైటు వేసి,
ఎంతో మర్యాదగా రోడ్డెక్కింది.

టర్లో ట్రక్కులో జమైకా.
పడాల్సిన చోట పడకుండా
కాస్త ఆగి, నవ్వి, అప్పుడు పడే దెబ్బ.
పాలు పితికే షెడ్డులోనూ అదేనట.
రీలు పెడితే ఆవులు కంగారు పడతాయట.

తిత్తి పైపుల కొనల్, పన్నుల ఆఫీసు గుమాస్తా,
అద్దం దించుకుని బల్గేరియా ఆడవాళ్లతో గొంతు కలిపాడు.
గాజు మీద గాజు ఒరిసినట్టు ఉంటుంది వాళ్ల పాట.
కొనల్ పాడితే పెంకు మీద గాజు.
నన్ను చూసి ఆపాడు.
తర్వాత, చూస్తే చూశాళ్లే అన్నట్టు,
మళ్లీ మొదలెట్టాడు.

ఫక్ట్నాకి కారు లేదు. దింపాల్సింది నేనే.
నా వ్యానులో రేడియో చచ్చి రెండేళ్లు,
క్యాసెట్టు మాత్రం ఆడుతుంది.
ఆ సంగతి ఆయనకెలా తెలుసో,
లోపలి జేబులోంచి తీశాడు,
వేణువుకి నాలుగో ముక్కలాగా.

కైరోలో ఎవరో ఒకావిడ.
ఒకే వాక్యం. మళ్లీ అదే వాక్యం.
ప్రతిసారీ అదే గది, వేరే తలుపు.
జనం ఒక్కసారిగా నిట్టూర్చారు,
ఫక్ట్నా కూడా, వాళ్ల మధ్యే కూర్చున్నట్టు.
"ఒక్క ముక్కా అర్థం కాదు," అన్నాడు.
"మా మేనత్త కూడా ఇంతే,
చెప్పిందే చెప్పేది. ఎవరూ లేచి వెళ్లేవాళ్లు కాదు."

వంతెన దాటాక టేపు దానంతటదే తిరగబడింది.
బ్రెజిల్ అనుకుంటా. ఒక గిటారు.
పాకంలో ముంచి తీసిన స్వరాలు.
ఆ కుర్రాడు వాయించినవి, అచ్చం అవే.

నేను ఆయన వైపు చూశాను.
ఆయన కిటికీ వైపు చూశాడు.
"ఇది మా మేనత్త వంటిల్లు కాదుగా,"
అన్నాడు చాలాసేపటికి.
ఇంకాసేపటికి,
"ఆ పిల్లాడిది ఏ వీధి?"

నాకు తెలియదు. ఎవరమూ అడగలేదు.

గేటు దగ్గర ఆపాను.
కుక్క పరుగెత్తుకొచ్చి చక్రాలు వాసన చూసింది.
ఆయన దిగలేదు.
మోకాలి మీద నాలుగు వేళ్లు,
రీలుకి పనికిరాని లెక్కేదో వేస్తున్నాయి.
నా చెయ్యి తాళం మీదికి వెళ్లింది.

"తియ్యకు," అన్నాడు.
"ఇంకా అయిపోలేదు."