ఆఖరి తూము కింద కయ్య

మైపాడు రోడ్డుకి ఉత్తరాన,
కాలవ నీళ్ళు అలిసిపోయి ఆగే చోట
మాది ఎకరా ముప్పై సెంట్లు.
తొమ్మిదేళ్ళు రొయ్యల గుంట.
తెల్లమచ్చ తగిలిన ఏడు
లీజుకు తీసుకున్నాయన రాత్రికి రాత్రే
ఏరేటర్లు ఊడదీసుకుని పోయాడు.
గుంటా, దాని అడుగున సముద్రమూ
మాకు మిగిలాయి.

జేసీబీతో గట్లు కూలగొట్టించి
నేల సదును చేసి వారం ఎండనిచ్చాం.
ఎనిమిదోనాడు తెల్లారి చూస్తే
సున్నం కొట్టిన గోడ
వెల్లకిలా పడుకున్నట్టు ఉండాది కయ్య.
వెంగమ్మత్త చిటికెడు తీసి
నాలిక్కొసకు అంటించుకుని ఊసేసింది.
"రొయ్య పోయిందిగానీ మేయ్,
దాని పులుసు పోలేదు."

మట్టి పరీక్ష కాగితంలో ఏవో అంకెలు.
సారు ఒకదాని కింద
ఎర్రపెన్నుతో రెండుసార్లు గీశాడు.
ఆ గీతలు నేను చదువుకున్నాను.

జిప్సం చల్లాం, తెల్లదాని మీద తెల్లది.
"ఉప్పుకు ఉప్పేస్తా ఉండారే"
అని సైకిలు దిగి మరీ నవ్విపోయారు.
జీలుగ చల్లితే మూడొంతులు మొలిచింది.
నడుందాకా పెరిగి
పసుప్పచ్చగా పూత పట్టిన రోజే
ట్రాక్టరు కింద తొక్కించాం.
ఆ సాయంత్రం ఎవరూ టీ అడగలేదు.

ఇంక నీళ్ళు.
"ఆఖరి తూముకు ఆఖరి వంతే"
అంటాడు లస్కరు మీరావలి,
తన తప్పేమీ లేనట్టు. లేదు కూడా.
మూడు రాత్రులు టార్చి నోట కరుచుకుని
కయ్య నింపాను, నిలబెట్టాను,
మడవ తెంచి వదిలేశాను.
మళ్ళీ నింపాను.

నాలుగోనాడు చెంగయ్య పార భుజాన వేసుకుని
గెనెం మీద నిలబడ్డాడు.
"నీ ఉప్పు కడిగి
నా కయ్యలోకి తోల్తావా?"
నోరు పెగల్లేదు నాకు.
లీజు డబ్బుతో మా ఇంటికి స్లాబు పడింది.
ఆ స్లాబు మీద నిలబడితే
మా గుంట ఊట దిగి
ఆయన వరిలో పాకుతున్న తెల్లటి మరకలు
ఏడాదికేడాది కనపడేవి.
చూసేదాన్ని.
బట్టలారేసుకుని దిగేదాన్ని.
ఆ సంగతి ఆయన ఎత్తలేదు.
ఎత్తుంటే బాగుండేది.

మర్నాడు మా హద్దు లోపలే
కాలవ తవ్వడం మొదలుపెట్టాను,
ఉప్పుటేటి దిక్కుకు, నడుం లోతు.
పదకొండు సెంట్లు దానికే పోయాయి.
మూడోనాడు ఇంకో పార చప్పుడు
అటు కొసనుంచి.
పలకరింపు లేదు. తలెత్తి చూడడం లేదు.
వాయుగుండం వాన మొదలైన రోజుకి
రెండు పారల మధ్య
నాలుగు బారల నేల మిగిలుంది.
దాన్ని వానే కోసుకుపోయింది.

ముదురు నారు తెచ్చి
కుదురుకు అయిదేసి మొక్కలు గుచ్చాం.
ఉప్పుకి కొన్ని, పీతలకి కొన్ని అనుకుని.
అయినా చోటుచోటా మాడిపోయింది,
చొక్కాకు ఇస్త్రీపెట్టె అంటుకున్నట్టు.
చచ్చినచోట మళ్ళా గుచ్చాను.
నీరు కాస్త తగ్గితే చాలు,
కింద పడుకున్నది లేచొస్తుంది.
అందుకే రాత్రిళ్ళు కుక్కలా కాపలా.

టౌను నుంచి ఒకాయన వచ్చి ఫోటో తీసుకుని
"మీ చెమట ఉప్పే కదమ్మా ఇదంతా" అన్నాడు.
చెమటకి అంత సత్తువెక్కడిది సారూ,
ఇది పంపుషెడ్డు సిమెంటు తిన్నది.

తాలు పోగా పదకొండు బస్తాలు.
కాలవకి పోయిన సెంట్లెన్నో బస్తాలన్ని!
ఆ లెక్కకి వెంగమ్మత్త ఒక్కతే నవ్వింది.

మొదటి బియ్యం వండిన రోజు
నలుగురం కూర్చున్నాం.
ఎవరూ మాట్లాడలేదు.
ప్రతి నోరూ మెల్లగా నములుతూ
లోపల దేన్నో వెతుకుతోంది.
ఆఖరికి చెంగయ్యే తలెత్తి
"పప్పులో ఉప్పు చాల్లేదు" అన్నాడు.
డబ్బా కోసం లేచాను.
ఎదురుగా అరలోనే ఉన్నా
దొరకడానికి కొంచెంసేపు పట్టింది.

ఇప్పుడు కాలవ కట్టేశారు.
తూము పక్క మూలలో
మళ్ళీ అరచెయ్యంత తెలుపు.
గోటితో గీరి చూశాను. ఇంకా పలచనే.
జీలుగ విత్తనాల సంచి
మూతి కట్టకుండానే ఉంచాను.