వేబ్రిడ్జి చీటీ

జహ్రా రోడ్డు పక్క వేబ్రిడ్జి మీద
ఇంటిని ఎక్కించి నిలబెట్టినా.
పదహారు టన్నుల నాలుగు వందల ఇరవై కిలోలు.
మొఫిజుల్ కిటికీలోంచి తల బయటపెట్టి
"లోపల రాళ్ళా భయ్యా?" అన్నాడు.
రాళ్ళే.
వంటగట్టుకు ఇటలీ రాయి, స్నానాలగదికి ఇంకో రంగు రాయి.
ఎడారికి రాళ్ళు మోసుకుపోతాం మేము.

రాత్రి బూ మిషాల్ పిలిచి
టీ గ్లాసు చేతికిచ్చి మరీ అడిగినాడు:
"ఓబులేసూ, దీన్ని ఉంచనా, అమ్మనా?
కొన్నది నేను. తెలిసింది నీకు."
పదకొండేళ్ళలో ఆయన నన్నడిగిన
మొదటి ప్రశ్న అది,
"ఎక్కడున్నావ్?" తప్పిస్తే.

అందుకే తూకానికి తెచ్చినా.

ఇల్లు కట్టి చూడమన్నారు మా పెద్దలు,
పెళ్ళి చేసి చూడమన్నారు.
ఇల్లు తోలి చూడమని మాత్రం ఎవరూ అనలేదు.
రౌండబౌట్ దగ్గర నేను కొత్త వీధిలోకి తిరిగితే
వెనక పడగ్గది ఇంకా పాత వీధిలోనే ఉంటుంది.
వంతెన కనిపిస్తే చాలు
సీట్లో కూచునే తల వంచుతా,
తగిలేది నా తలకే అన్నట్టు.

మీట నొక్కితే గోడ పక్కకు జరిగి
హాలు రెండింతలవుతుంది. బాగానే ఉంటుంది.
ఆ సందులో ఇసుక దూరిన రోజు
టార్చి నోట్లో కరుచుకుని, పెయింటు బ్రష్షుతో
బోర్లా పడుకునేది నేను.
అడుగున ఒక ట్యాంకు ఉంది,
రంగుల పుస్తకంలో దాని ఫోటో వెయ్యలేదు.
మూత ఏ పక్కనుందో బూ మిషాల్‌కు తెలియదు.
నాకు చీకట్లో కూడా తెలుసు.
ఎండాకాలమంతా షెడ్డులో ఏసీ వేసుకుని పడుకుంటుంది.
దాని ఏసీ ఆగితే తోలు సీట్లు పగులుతాయి.
నా గది ఏసీ ఆగితే ఏదీ పగలదు.

అట్లని అమ్మెయ్యమందామా?

పోయిన మార్చిలో సాల్మీ వైపు దుమ్ము లేచింది.
పక్క గుడారాలు గొడుగుల్లా తిరగబడినాయి.
ఎవరి పిల్లలో, ఎనిమిది మంది మా హాల్లోకొచ్చి
తెల్ల సోఫా మీద బిస్కెట్లు పొడి చేసి
కార్టూన్లు చూస్తా చూస్తా నిద్రపోయినారు.
సత్యవేణి అందరికీ పాలు కాచింది.
ఆ ఒక్క రాత్రి అది ఇల్లు.

మళ్ళా యుమ్మా హిస్సా ఉంది, బూ మిషాల్ తల్లి.
పుట్టింది మేకవెంట్రుకల డేరాలో.
ఇప్పుడు మోకాళ్ళు లేవు, దినానికి పదిసార్లు బాత్రూము.
ఈ బండి లేకపోతే ఆమెకు ఎడారి లేదు.
పరుపు మీద పడుకుని నడినెత్తి అద్దంలోంచి
చుక్కలు చూస్తా "జనరేటర్ ఆపు" అంటుంది.
"చలికి పోతుంది, ఆపొద్దు" అంటాడు కొడుకు.
ఇద్దరికీ నడుమ, మీట మీద నా వేలు.

వానలు పడి ఫగ్గా దుంపలు ఊరిన వారం
"అదిగో, అక్కడ" అని కిటికీలోంచి చూపించింది.
అక్కడ నేల మెత్తన.
మూడేళ్ళ కిందట కూరుకుపోతే
క్రేనుకు నాలుగు వందల దినార్లు పోసినాం.
ఆమెను కుర్చీతో సహా దించి
నీళ్ళు మోసే పాత డాట్సన్‌లో కూచోబెట్టినా.
మట్టి పగులు చూసి ఆమె చెప్తే
రాజోలు పిల్ల సత్యవేణి
చామదుంప తవ్వినట్టు తవ్వింది.
గోళ్ళలో మట్టిని యుమ్మా హిస్సా
రెండు రోజులు కడగనీయలేదు.

అరవై కిలోమీటర్లు పెద్ద బండి తెచ్చింది.
చివరి రెండు డాట్సన్.
ఇది ఏ కాటా మీద తూచాలి మొఫిజుల్?

అతను వినలేదు. "డ్రైవర్‌తోనా, లేకుండానా?" అన్నాడు.
దిగినా.
పదహారు మూడు వందల అరవై.
"రెండూ కొట్టు చీటీలో" అన్నా.

ఉంచమనాలో అమ్మమనాలో ఇంకా తేలలేదు.
ఉంచితే రాళ్ళు పీకించమంటా.
అమ్మినా సరే,
డాట్సన్ జోలికి పోవద్దంటా.

వెనక సిమెంటు లారీ హారన్ కొడుతోంది.
ఇల్లు తియ్యాలి.