రెండు వేళ్లు

పలాస ఆస్పత్రి, డయాలసిస్ గది, ఆరో మంచం.
తొమ్మిదేళ్లు నేను ముందు చూసింది మొహం కాదు,
ఎడమ ముంజేయి.
రెండు వేళ్లు ఆనిస్తే
చర్మం కింద తేనెటీగ ఒకటి జుమ్మనాలి.
అంటే నరం బతికే ఉంది, సూది వెయ్యొచ్చు.
"ఉందేటి సిస్టరమ్మా?"
"ఉంది మావా, పాడతంది."

దానయ్య మావ చేతులకి జీడిపిక్కల మసి.
స్పిరిట్ దూదికి అంటదు, తోలుని వదలదు.
గొట్టాల్లోకి పోయిన రక్తం కడుక్కుని తిరిగొచ్చేదాకా
కవిటిలో తన కొబ్బరిచెట్ల లెక్క చెప్పేవాడు:
తుఫానుకి పడినవి, నిలబడినవి,
నిలబడీ అప్పులోకి పోయినవి.

ఓ రాత్రి మావ బీపీ పడిపోయింది.
కాళ్లు ఎత్తాను, సెలైన్ వదిలాను.
అంతవరకు నా చేతిలోది.
ఆ తర్వాతది సంతకం చేతిలోది.
సంతకం టెక్కలి దాటి ఎక్కడో దారిలో ఉంది, సిగ్నల్ లేదు.
ఏం చెయ్యాలో నాకు తెలుసు.
నాకు తెలుసని తలుపు దగ్గర ఆయాకి కూడా తెలుసు.
పదకొండు నిమిషాలు.
మావ బతికాడు.
ఆ పదకొండు నిమిషాలు మాత్రం ఇంకా నా దగ్గరే ఉన్నాయి,
తర్వాతి షిఫ్టుకి అప్పజెప్పని డ్యూటీలా.

కాశీబుగ్గ పాత పుస్తకాల కొట్లో
ఇంటర్ ఫిజిక్స్ కొన్నాను.
గురుత్వాకర్షణ పక్కన ఎవరో కుర్రాడు
'సరళ' అని రాసి, రెండుసార్లు కొట్టేసుకున్నాడు.
ముప్పై ఒకటో ఏట, నైట్ డ్యూటీలో,
మిషన్లు గుర్రుపెడుతుంటే
ఎవరో విసిరిన బంతులు ఎక్కడ పడతాయో లెక్కగట్టాను.

"పరీక్ష పాసైతే జీతం ఆగిపోద్దేటి?" అంది అమ్మ.
ఆగిపోద్ది.
హెడ్ సిస్టర్ ఎస్తేరు గారు రిజిస్టర్ మూసి,
"డాక్టరు మంచం దగ్గర నిలబడేది నాలుగు నిమిషాలే పిల్లా,
మిగతా నాలుగ్గంటలూ ఎవరికిచ్చేస్తావు?" అంది.
జవాబు లేదు. ఇప్పటికీ లేదు.
దానయ్య మావ చాలాసేపు పైన ఫ్యాన్ చూశాడు.
"నువ్వెల్లిపోతే నా సూది ఎవలేస్తారు?"
తర్వాత తనే,
"ఎల్లు గుంటా. ఎల్లి ఆ సంతకం నేర్సుకొని రా."

శ్రీకాకుళంలో పరీక్ష.
గేటు దగ్గర తలపిన్నులు, ముక్కుపుడక తీయించారు.
రెండు జడల పిల్ల ఒకతి
"ఆంటీ, మీ అమ్మాయిది ఏ రూమ్?" అంది.
నా హాల్ టికెట్ చూపించాను.
పేపర్లో మూత్రపిండం బొమ్మ చూసి నవ్వొచ్చింది,
మా ఉద్దానంలో అంత నున్నటి కిడ్నీ ఎవరిదీ?
ఫిజిక్స్ దగ్గర ఏడుపొచ్చింది.
రెండుసార్లు తప్పాను.
మూడోసారి, ఆఖరి కౌన్సెలింగులో, సీటు.

ఇప్పుడు అనాటమీ హాలు.
ఫార్మలిన్‌కి పిల్లలందరూ కళ్లు తుడుచుకుంటున్నారు.
బల్ల మీదాయన పాదాలు బయటికున్నాయి.
అలవాటుకొద్దీ దుప్పటి కిందికి లాగాను.
వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

మేడమ్ మెడ దగ్గర చెబుతున్నారు.
నేను ఎడమ ముంజేతి దగ్గర ఆగిపోయాను.
తాడులా ఉబ్బిన నరం.
దాని పొడుగునా ఉలవగింజలంత మచ్చలు,
సూది పైన సూది, నిచ్చెన మెట్లలా.

దానయ్య మావ కాదు.
కొత్త సిస్టర్ సూది మంటని
మావ మొన్ననే ఫోన్లో తిట్టాడు.
ఈయనెవరో. ఏ ఊరి ఏ మంచమో.
ఈ మెట్లు ఎవరు కట్టారో,
వరస తప్పకుండా, జాగ్రత్తగా కట్టారు.

రెండు వేళ్లు ఆనించాను.
గ్లవ్స్ కింద ఏమీ పాడలేదు.

"నూట పన్నెండు, అక్కడేం వెతుకుతున్నావమ్మా?"
హాలంతా తిరిగి చూసింది.
"ఏటీ లేదు మేడమ్."
వేళ్లు తియ్యడానికి మాత్రం
కాస్త టైం పట్టింది.