గార

ఎర్రగుంట్ల రోడ్డులో నాపరాళ్ల పాలిషు మిల్లు పక్కన
నా వెల్డింగు షాపు.
పైపులు కోనసీమ దిక్కు నుంచి వచ్చినాయి.
నూనె బావుల్లో పాతికేండ్లు నానిన ఇనుము,
కేజీ ముప్పై రెండన్నాడు లారీ డ్రైవరు.
బేరమాడి ముప్పైకి దించినా.

లోపల తెల్లగా గార,
మా జేజి పండ్లకు పట్టినట్టు.
సున్నం గాదు, ఉప్పు గాదు.
సుత్తితో కొడితే పెచ్చులూడేది,
గ్రైండరు పెడితే పొగై లేచేది.
చిన్నమౌలా ముక్కుకు తువ్వాలు చుట్టుకుంటే
పెండ్లికూతురివేందిరా అని నేనే నవ్వినా.
ఊడ్చిన పొడితో వాకిట్లో గుంతలు పూడ్చినాం.

మూడేండ్లు.

మొన్న తాడిపత్రి ఇనుప ఫ్యాక్టరీ గేటు కాడ
నా తుక్కు లోడుకు గంట మోగింది.
పసుప్పచ్చ డబ్బా పట్టుకోని ఒకాయమ్మ షాపుకొచ్చింది.
బొరుగుల బట్టీలో ఇసక కాగినంక
మొదట నాలుగు గింజలు చిట్లుతాయే,
అట్ల చిట్లింది డబ్బా.
వాకిట్లో గుంతల మీదికి పోతానే
బట్టీ బట్టీ పేలింది.

రేడియం, అనింది.
నాకు తెలిసిన రేడియం
బండ్ల మీద పేర్లు కోసి అంటించే మెరుపు కాయితం.
అది కాదంట.
ఎవురూ చేసింది గాదంట, భూమిలోనే ఉండాదంట,
నూనెతో నీళ్లొచ్చి, నీళ్లతో అదొచ్చి
పైపుకు పట్టుకున్యాదంట.
సగం తగ్గేదానికి పదహారు నూర్లేండ్లు.
గండికోట కట్టినప్పటి నుంచి ఏలు మడిచి లెక్కేసినా,
చాల్లేదు.

చిన్నమౌలా దగ్గు సంగతి అడిగితే
ఆయమ్మ కాయితం మీద రాసుకునింది.
జవాబు చెప్పలా.

లెక్కల బుక్కు తీసినా.
పదకొండు గేట్లు, రెండు గొర్రెల దొడ్లు,
అంగన్‌వాడీకి ఒక ఉయ్యాల.
దానికి దుడ్లు తీసుకోలా,
సున్నా చుట్టి పక్కన సవాబు అని రాసుకున్యా.

పొద్దన్నించి ఇంటింటికి తిరుగుతాండా.
వాసనొస్తాదా? రాదు.
కాలుతాదా? ల్యా.
మరి యాడుండాది?
చెప్పలేక డబ్బా సద్దు నోటితో చేసి చూపిచ్చినా,
పిల్లోల్లు నవ్వినారు.
ఈరమ్మవ్వ గేటు మింద ఆరేసిన చీర తీయకుండానే
నీ గేటు ఇంతవరకు తుప్పు పట్టలేదప్పా, అనింది.

ఉయ్యాల కాడికి ఇంగా పోలా.
పిల్లోల్లు గుడ్లు తినేదంకా ఆగుదామని
గోడవతల నిలబడినా.
గొలుసు కిర్రుకిర్రుమంటాంది.
నూనె పోసి పొమ్మని
టీచరమ్మ రెండుసార్లు చెప్పంపింది.